ఫ్యాన్ రెగ్యులేటర్‌తో ఎల్ఈడీ బల్బు కొట్టుకుంటోంది: వెలుగు తగ్గించుకునే డ్రైవర్ ఇంట్లో చేసుకోవడం ఎలా?

తెనాలి_టార్చి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు. ఈమధ్యే రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేస్తారు. ట్యూబ్‌లైటు వేస్తే కళ్లలో పొడిచినట్టుంది అంటారు. వేయకపోతే గడప తట్టుకుని పడతారేమోనని మాకు టెన్షన్. బెడ్ లైటు వెలుగు ఆయనకి ఆనడం లేదు. పగలు పేపరు చదవడానికి మాత్రం అదే లైటు బాగా వెలగాలి.

గదిలో వాడకుండా పడున్న ఫ్యాన్ రెగ్యులేటర్ ఒకటుంది, క్లిక్ క్లిక్ మంటూ తిరిగే రకం. దానికి మామూలు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తగిలించాను. 5లో బాగానే ఉంది. 3కి తిప్పినా వెలుగు తగ్గలేదు. 1కి తిప్పగానే టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. సరేనని పాతకాలం గుండ్రటి డిమ్మర్ తెచ్చి పెట్టాను. ఇప్పుడు బల్బు గుయ్‌మంటోంది, పావుగంటకి మెడ దగ్గర చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతోంది.

నాకు సోల్డరింగ్ వచ్చు, ఆర్డునో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) కాస్త తెలుసు. డ్రైవర్ సొంతంగా చేసుకుందామని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాత_రేడియో

బాబూ, ముందు ఆ బల్బుని డిమ్మర్ నుంచి తీసేయండి. అది ఈ రాత్రికి కాకపోతే రేపైనా పోతుంది.

ఎందుకలా అయిందో చెబుతాను. పాత ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ తగ్గిస్తే వెలుగు తగ్గేది, ఎందుకంటే అది ఉత్త తీగ. ఎల్ఈడీ బల్బులో తీగ లేదు, ఒక డ్రైవర్ ఉంది. ఆ డ్రైవర్ పనే ఇంట్లో వోల్టేజీ 180 ఉన్నా 260 ఉన్నా ఎల్ఈడీలకి ఒకే కరెంటు ఇవ్వడం. మీరు రెగ్యులేటర్‌తో వోల్టేజీ తగ్గిస్తుంటే అది పట్టుదలగా కరెంటు నిలబెడుతోంది. 3లో వెలుగు తగ్గకపోవడానికి కారణం అదే. 1కి వచ్చేసరికి ఇక దానివల్ల కాదు. లోపలి ఐసీకి (డ్రైవర్‌ని నడిపే చిప్పుకి) సరిపడా వోల్టేజీ అందక ఆగిపోతుంది. ఆగగానే లోడు ఉండదు కాబట్టి కెపాసిటర్ మళ్లీ నిండుతుంది, ఐసీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. మీకు కనబడిన టపటప ఇదే.

గుండ్రటి డిమ్మర్ సంగతి వేరు. అందులో ట్రయాక్ ఉంటుంది, అంటే కరెంటు అలలో కొంత భాగాన్ని కోసేసే ఎలక్ట్రానిక్ స్విచ్. ఒకసారి అంటుకున్న ట్రయాక్ ఆరిపోకుండా ఉండాలంటే దానిగుండా కొంత కరెంటు పారుతూనే ఉండాలి. బీటీ136 లాంటి వాటికి ఈ హోల్డింగ్ కరెంటు 15 మిల్లీఆంపుల దాకా ఉండొచ్చు. 60 వాట్ల ఫిలమెంటు బల్బు 260 మిల్లీఆంపులు లాగేది కాబట్టి ఇబ్బంది రాలేదు. మీ 9 వాట్ల బల్బు అలల శిఖరాల దగ్గర మాత్రమే కాస్త కరెంటు మింగి మిగతా సమయం ఊరుకుంటుంది. దాంతో ట్రయాక్ ప్రతి అరసైకిల్లో ఆరుతూ అంటుకుంటూ ఉంటుంది. అంటుకున్న ప్రతిసారీ కెపాసిటర్‌లోకి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. ఆ వేడీ ఆ గుయ్‌మనడమూ అందుకే.

కోటి_గల్లీ

మాస్టారు చెప్పింది కరెక్టు. నేను రోజూ బల్బులు విప్పుతుంటాను కాబట్టి లోపల ఏముంటుందో చెప్తా అన్నా.

బాగా చవకవాటిలో కెపాసిటర్ డ్రాపర్ ఉంటుంది. కరెంటుని ఒక ఫిల్మ్ కెపాసిటరే అడ్డుకుంటుంది. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ మీద 1 మైక్రోఫారడ్‌కి సుమారు 72 మిల్లీఆంపులు పారతాయి. ఐసీ ఉండదు, వోల్టేజీ ఎటు ఊగితే వెలుగూ అటే. ఇలాంటిది ట్రయాక్ డిమ్మర్ మీదగానీ చదరపు అల ఇచ్చే పాత ఇన్వర్టర్ మీదగానీ పెట్టారనుకో, అల నిట్టనిలువుగా లేచే ప్రతిచోటా కెపాసిటర్ గుండా కరెంటు పోటెత్తి చిప్పులు నల్లబడతాయి.

ఇంకో రకంలో డ్రైవర్ విడిగా ఉండదు, ఎల్ఈడీలున్న అల్యూమినియం ప్లేటు మీదే చిన్న లీనియర్ ఐసీ ఉంటుంది. మిగులు వోల్టేజీని వేడిగా తగలేస్తుంది. ఊళ్లో వోల్టేజీ 250 దాటితే ఆ ప్లేటు మరీ కాలుతుంది.

కాస్త మంచివాటిలో కాయిల్ ఉన్న బక్ డ్రైవర్ ఉంటుంది, అంటే వేగంగా స్విచ్ వేస్తూ ఆపుతూ వోల్టేజీని దించే రకం. నువ్వు పెట్టింది ఇదే అయ్యుంటుంది, 3లో వెలుగు తగ్గలేదన్నావు కాబట్టి.

నా దగ్గరికి చచ్చి వచ్చేవాటిలో చాలావరకు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉబ్బినవే. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసున్న కెపాసిటర్ 95 దగ్గర 4,000, 85 దగ్గర 8,000 గంటలు వస్తుంది. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు. ఏ డ్రైవర్ చేసినా దాన్ని ఎల్ఈడీ ప్లేటుకి దూరంగా పెట్టు.

డల్లాస్_దీపం

ఇక్కడ అమెరికాలో గోడల నిండా డిమ్మర్లే, అందుకని నాకీ బాధ బాగా పరిచయం. ట్రయాక్‌తో పనిచేసే ఎల్ఈడీ డ్రైవర్ చేయొచ్చు. కాకపోతే దానికి చెల్లించేది ఎక్కువ.

ట్రయాక్ ఆరకుండా ఉండటానికి బ్లీడర్ పెట్టాలి. అంటే అవసరం లేని కరెంటుని కావాలని లాగే దారి. అల మధ్యలో ట్రయాక్ టక్కున అంటుకున్నప్పుడు ఇన్‌పుట్ ఫిల్టర్‌లోని కాయిలూ కెపాసిటరూ కలిసి గంట కొట్టినట్టు మోగుతాయి. ఆ ఊపులో కరెంటు ఒక్క క్షణం సున్నాకి పడినా ట్రయాక్ ఆరిపోతుంది. దాన్ని అణచడానికి వరసలో ఒక డ్యాంపర్ రెసిస్టర్ పెట్టాలి. ఈ రెండూ వేడి కక్కేవే. ఇవి కాక, అల ఎంత మేర తెగిందో కొలిచి ఆ మేరకు ఎల్ఈడీ కరెంటు తగ్గించే ఐసీ కావాలి. ఎల్ఎం3445 లాంటివి ఆ పనికే పుట్టాయి.

అల మొదలు కాకుండా చివర తెగే ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్లు ఎల్ఈడీకి నయం. ట్రయాక్ బదులు మాస్‌ఫెట్లనే మరో రకం స్విచ్‌లతో పనిచేస్తాయి కాబట్టి హోల్డింగ్ కరెంటు బెడద లేదు. అల సున్నా నుంచి నెమ్మదిగా లేస్తుంది కాబట్టి దూకుడూ లేదు.

మీకు గోడలో ముందే బిగించిన డిమ్మర్ లేదు కదా? లేనప్పుడు మెయిన్స్ (ఇంటి 230 వోల్టుల సరఫరా) అలని కోసి, అది ఎంత కోశామో మళ్లీ డ్రైవర్ చేత కనిపెట్టించడం ఎందుకు? డ్రైవర్‌కి పూర్తి వోల్టేజీ ఇచ్చి, వెలుగు ఎంత కావాలో తక్కువ వోల్టేజీ వైరు మీద విడిగా చెప్పండి.

ఫెర్రైట్_కోర్

డల్లాస్ గారి మాటే నాదీ. 230 మీద నేరుగా పనిచేసే బక్ లెక్క ఒకటి వేసి చూపిస్తాను, కాయిల్ సైజు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియాలి కదా.

3 వోల్టుల ఎల్ఈడీలు 24 వరసగా పెడితే 72 వోల్టులు. 240 మిల్లీఆంపులు పంపితే 17 వాట్లు. మెయిన్స్ శిఖరం 325 వోల్టులు, కాబట్టి స్విచ్ మూసి ఉండే భాగం 72ని 325తో భాగించినంత, అంటే 22 శాతం. కరెంటు ఊగిసలాట 30 శాతానికి మించకూడదని 50 కిలోహెర్ట్జ్ మీద లెక్కేస్తే దాదాపు 16 మిల్లీహెన్రీల కాయిల్ కావాలి. బల్బులో పట్టదు. ప్రతిసారీ కరెంటుని సున్నా దాకా దిగనిచ్చి మళ్లీ ఎక్కించే పద్ధతిలో, 60 కిలోహెర్ట్జ్ దగ్గర 2 మిల్లీహెన్రీలు చాలు. శిఖర కరెంటు సగటుకి రెట్టింపు, 480 మిల్లీఆంపులు అవుతుంది. దాన్ని తట్టుకునే కోర్ వాడాలి, అంతే. బజారులోని చిన్న బక్ డ్రైవర్లు ఎక్కువగా ఈ దారే పడతాయి.

ఇన్‌పుట్‌లో 10 మైక్రోఫారడ్, 400 వోల్టుల కెపాసిటర్ పెట్టామనుకోండి. రెండు శిఖరాల మధ్య అది 325 నుంచి దాదాపు 278కి దిగుతుంది. వోల్టేజీ 180కి పడిపోయిన రోజున కూడా 190 కిందికి పోదు. మనకి కావలసింది 72 కాబట్టి ఎల్ఈడీ కరెంటులో 100 హెర్ట్జ్ అల దాదాపు కనబడదు. నష్టం పవర్ ఫ్యాక్టర్‌కి (సరఫరా నుంచి లాగే కరెంటు ఎంత సక్రమంగా వాడుకుంటున్నామో చెప్పే అంకె, 1 అయితే ఉత్తమం), అది 0.5, 0.6 మధ్య ఉంటుంది. ఆ కెపాసిటర్ తీసేసి ఒకే దశలో పవర్ ఫ్యాక్టర్ దిద్దే డ్రైవర్ పెడితే 0.9 దాటుతుంది కానీ 100 హెర్ట్జ్ అల వెలుగులోకి దిగుతుంది. రెండూ కావాలంటే రెండు దశలు కట్టాలి.

పాత_రేడియో

లెక్క బాగుంది. కానీ తెనాలి బాబు దీన్ని మొదటి ప్రాజెక్టుగా చేయడానికి నేను ఒప్పుకోను.

ఈ బక్‌లో ఐసొలేషన్ లేదు, అంటే మెయిన్స్‌నీ ఎల్ఈడీ వైపునీ విడదీసేది ఏదీ లేదు. ఎల్ఈడీ ప్లేటు, డిమ్ చేసే పొటెన్షియోమీటర్, దాని ఇనప కడ్డీ అన్నీ మెయిన్స్‌తో కలిసి ఉన్నట్టే. నాబ్ ఊడిన రోజున పెద్దాయన చేతికి తగిలేది ఆ కడ్డీయే. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు ఇలాంటి బోర్డుకి ఆసిలోస్కోప్ ఎర్త్ క్లిప్ తగిలించాడు. చిన్న నీలం మెరుపు, క్లిప్ కొస కరిగి మినప్పప్పంత ముద్దయింది, బోర్డు మీద రాగి గీత ఆవిరైపోయింది. ఆ అబ్బాయికి ఏమీ కాలేదు, అదే పదివేలు.

మెయిన్స్ బోర్డు ఎవరు చేసినా మొదటిసారి సిరీస్ బోర్డులో 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి ఆన్ చేయండి. కొలవాలంటే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. ఆఫ్ చేశాక 400 వోల్టుల కెపాసిటర్ ఖాళీ అయిందో లేదో మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి.

అనంత_సోలార్

మాకు పొలం దగ్గర షెడ్డులో అంతా డీసీయే. ఐఎస్ఐ గుర్తులాగే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరున్న 24 వోల్టులు, 1 ఆంప్ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి. ఐసొలేషన్ పని అది చూసుకుంటుంది. తర్వాత పీటీ4115 ఐసీతో చిన్న బక్. 6 నుంచి 30 వోల్టుల దాకా తీసుకుంటుంది. నా షెడ్డులో అవే వెలుగుతున్నాయి.

1 వాట్ ఎల్ఈడీలు ఆరు వరసగా పెడితే 18.6 వోల్టుల దాకా. కరెంటుని కొలిచే సెన్స్ రెసిస్టర్ మీద 0.1 వోల్టు నిలబెడుతుంది ఈ ఐసీ. 1 ఓమ్ రెసిస్టర్లు మూడు పక్కపక్కన జోడిస్తే 0.33 ఓమ్, అంటే 300 మిల్లీఆంపులు. 350 రేటింగ్ ఉన్న ఎల్ఈడీని 300 మీద నడిపితే చల్లగా ఉంటుంది, వాటుకి వెలుగూ కాస్త ఎక్కువే ఇస్తుంది. డయోడ్ 1ఎన్5819 చాలు.

ఫెర్రైట్_కోర్

ఇదే సరైనది. ఎఫిషియెన్సీ తగ్గుతుందని ఎవరైనా అంటారని ముందే లెక్క చెబుతున్నాను. అడాప్టర్ 87 శాతం, బక్ 94 శాతం అనుకుంటే మొత్తం 82. నేరుగా మెయిన్స్ బక్ అయితే 88 అనుకుందాం. 5.6 వాట్ల దీపానికి తేడా అర వాటు కూడా లేదు. రోజుకి ఆరు గంటలు వెలిగితే ఏడాదికి దాదాపు ఒక యూనిట్. నాన్నగారి చెయ్యి మెయిన్స్‌కి దూరంగా ఉండటానికి ఒక యూనిట్ ఖర్చు పెట్టొచ్చు.

ఒక జాగ్రత్త: వెలుగు ఎంత కావాలో ఐసీకి చెప్పే డిమ్ పిన్‌కి 0.5 నుంచి 2.5 వోల్టుల డీసీ ఇస్తే వెలుగు 20 శాతం నుంచి 100 దాకా మారుతుంది. 20 కిందికి అలా దిగలేరు. కంటికి 20 శాతం అంటే దాదాపు సగం వెలుగులా కనబడుతుంది, అర్ధరాత్రికి అది చాలా ఎక్కువ. పీడబ్ల్యూఎం, అంటే వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ సగటు వెలుగు తగ్గించే పద్ధతి, వాడక తప్పదు.

తెనాలి_టార్చి

పది రోజులైంది, క్షమించాలి. సామాను రావడం ఆలస్యమైంది. కట్టేశాను, వెలుగుతోంది! అందరికీ చాలా చాలా థాంక్స్. అయితే మూడు చిక్కులొచ్చాయి.

మొదటిది భయపెట్టింది. రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చింది. రాగానే దీపం ఒక్కసారి ఫుల్లుగా వెలిగి, రెండు సెకన్ల తర్వాత తగ్గింది. నాన్నగారు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

రెండోది, బాగా తగ్గించినప్పుడు నాబ్ తిప్పుతుంటే వెలుగు మెట్లు మెట్లుగా మారుతోంది.

మూడోది, చేతిలో పెన్ను అడ్డంగా ఊపితే ఒకదానికి బదులు ఆరేడు పెన్నులు కనబడుతున్నాయి. ఆర్డునో నానోలో 9వ పిన్ మీద పీడబ్ల్యూఎం ఇచ్చే మామూలు అనలాగ్‌రైట్ ఆదేశం వాడాను. కాయిల్ 100 మైక్రోహెన్రీలు.

ఫెర్రైట్_కోర్

మూడూ ఒకే గూటివి.

డిమ్ పిన్ ఐసీ లోపల 200 కిలోఓమ్ ద్వారా 5 వోల్టులకి కట్టి ఉంటుంది. బయటనుంచి ఎవరూ ఏమీ చెప్పకపోతే ఫుల్లుగా వెలగమని అర్థం. నానో బూట్ అయ్యేదాకా దాని పిన్ గాలిలో ఉంటుంది. డిమ్ పిన్ నుంచి గ్రౌండుకి 4.7 కిలోఓమ్ పెట్టండి. పిన్ మీద 0.12 వోల్టు మిగులుతుంది, 0.3 కంటే తక్కువ కాబట్టి ఆరిపోయి ఉంటుంది.

పెన్ను విషయం: 9వ పిన్ మామూలుగా 490 హెర్ట్జ్ ఇస్తుంది. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ 1789-2015 సిఫార్సు ప్రకారం 90 నుంచి 1,250 హెర్ట్జ్ మధ్య వెలుగు ఊగిసలాట శాతం, ఫ్రీక్వెన్సీని 0.08తో గుణించినదానికి మించకూడదు. 100 హెర్ట్జ్‌కి 8 శాతం, 490కి 39 శాతం. పీడబ్ల్యూఎం అంటే పూర్తిగా ఆరి వెలగడం, అంటే 100 శాతం. 3,000 హెర్ట్జ్ దాటితే ఏ ప్రభావమూ లేని జోన్‌లోకి వస్తాం.

అనలాగ్‌రైట్ బదులు, పీడబ్ల్యూఎం వేగాన్ని నిర్ణయించే నానో టైమర్1ని నేరుగా సెట్ చేయండి. 16 మెగాహెర్ట్జ్‌ని 4,096తో భాగిస్తే 3,906 హెర్ట్జ్. 256 మెట్ల బదులు 4,096 మెట్లు వస్తాయి. నాబ్ విలువని వర్గం చేసి ఇవ్వండి. నాబ్ సగంలో ఉంటే 25 శాతం కరెంటు, కంటికి సగంలా ఉంటుంది. మీ రెండో చిక్కు దీంతో పోతుంది.

కాయిల్ కూడా మార్చాలి. 3,906 హెర్ట్జ్‌లో వెలుగు 3 శాతానికి దించితే ఒక్కో సైకిల్లో వెలిగేది 7.7 మైక్రోసెకన్లే. కాయిల్ మీద ఉండేది 24 లోంచి 18.6 పోగా 5.4 వోల్టులు. 100 మైక్రోహెన్రీల కాయిల్‌లో కరెంటు 300 మిల్లీఆంపులకి ఎక్కడానికే 5.6 మైక్రోసెకన్లు పడుతుంది. 47 అయితే 2.6 చాలు. సాచురేషన్ కరెంటు (అది దాటితే కాయిల్ సరిగ్గా పనిచేయని హద్దు) 0.6 ఆంప్ పైన ఉన్నది తీసుకోండి.

గుంటూరు_మైగ్రేన్

చదువుతున్నాను కానీ ఇంజనీరుని కాదు. నాకు కొన్ని షాపుల్లో ఎల్ఈడీ లైట్ల కింద పది నిమిషాలుంటే తలనొప్పి వస్తుంది. ఇంట్లో బల్బు కొట్టుకుంటోందో లేదో పరికరాలు లేకుండా తెలుసుకోవచ్చా?

కోటి_గల్లీ

తెలుసుకోవచ్చు అక్కా. ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి బల్బు వెలుగు పడే తెల్లగోడని తీయండి. 240 ఫ్రేములుంటే 100 హెర్ట్జ్ ఊగిసలాట గోడ మీద స్పష్టంగా కనబడుతుంది. తెనాలి అన్న చేసిన పెన్ను పరీక్షా పనికొస్తుంది, చీకటి గదిలో ఆ ఒక్క బల్బే వెలిగించి చూడండి. స్విచ్ ఆపినా బల్బు మినుకుమినుకుమంటుంటే అది వేరే సమస్య. స్విచ్‌లోని ఇండికేటర్ గుండా కొద్దిగా కరెంటు జారుతుంటుంది, లేదా ఫేజ్ బదులు న్యూట్రల్‌కి స్విచ్ పెట్టి ఉంటారు. రెండోదైతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించండి, హోల్డర్‌లో ఎప్పుడూ ఫేజ్ ఉన్నట్టే.

అనంత_సోలార్

తెనాలి గారూ, నానోకి కరెంటు ఎక్కణ్ణుంచి ఇస్తున్నారు? నానోకి కరెంటు ఇచ్చే విన్ పిన్‌కి 24 వోల్టులు నేరుగా ఇవ్వకండి. ఆ చిన్న లీనియర్ రెగ్యులేటర్ 19 వోల్టుల మిగులుని వేడి చేసి పోతుంది. 20 మిల్లీఆంపులకే 0.4 వాటు. దీపం 3 శాతంలో ఉన్నప్పుడు ఎల్ఈడీలు తినేది 0.17 వాటు! చిన్న బక్ మాడ్యూల్‌తో 5 వోల్టులు చేసి ఇవ్వండి.

తెనాలి_టార్చి

నేరుగా 24 ఇచ్చేశానండి, మీరు చెప్పాక వేలు పెట్టి చూస్తే కాలింది. బక్ మాడ్యూల్ వేశాను.

నిన్న రాత్రికి అన్నీ మార్చాను. 4.7 కిలోఓమ్, 47 మైక్రోహెన్రీలు, టైమర్1. పెన్ను ఊపితే ఇప్పుడు మసగ్గా ఒకటే పట్టీ కనబడుతోంది, విడివిడి పెన్నులు లేవు. నాబ్ మెత్తగా కిందిదాకా దిగుతోంది. ఆరు ఎల్ఈడీలనీ పాత స్టీలు టిఫిన్ డబ్బా మూతకి బిగించాలనుకున్నాను కానీ స్టీలు వేడిని సరిగ్గా లాగదని మాస్టారు మెసేజ్‌లో చెప్పారు. మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ కోయించి, థర్మల్ పేస్టు రాసి బిగించాను. గంటసేపు ఫుల్లుగా వెలిగాక కూడా పట్టీ మీద చెయ్యి ఆనించి ఉంచగలుగుతున్నాను.

కోడ్‌లో ఇంకొకటి కలిపాను. కరెంటు పోయి వచ్చినప్పుడు నాబ్ ఎక్కడున్నా సరే దీపం 2 శాతంలోనే లేస్తుంది. నాబ్ కదిలిస్తేనే దాని మాట వింటుంది. రాత్రి ఒంటిగంటన్నరకి మెయిన్ ఆపి, వేసి చూశాను. గడప, మంచినీళ్ల చెంబు, చెప్పులు కనబడేంత వెలుగు వచ్చింది. నాన్నగారు అటు తిరిగి పడుకున్నారు, లేవలేదు.

పాత_రేడియో

సంతోషం బాబూ. అడాప్టర్‌ని మంచం కింద దుప్పట్ల మధ్య పెట్టకండి, గాలి తగిలేచోట గోడకి బిగించండి. సర్క్యూట్ బొమ్మ గీసి ఇక్కడ పెడితే మా వీధిలో ఇంకో ఇద్దరు పెద్దవాళ్లకి నేను కట్టిస్తాను.

తెనాలి_టార్చి

ఆదివారం గీసి పెడతాను మాస్టారూ, కోడ్ కూడా.